మూడు ఫేజుల థైరిస్టర్ కన్వర్టర్: నియంత్రణలోనే ఇమిడి ఉన్న రక్షణ

సంగ్రహం:

మూడు ఫేజుల పూర్తి నియంత్రిత థైరిస్టర్ బ్రిడ్జి గురించి పాఠ్యగ్రంథాలు సాధారణంగా నియంత్రణను ఒక అధ్యాయంగా, రక్షణను మరొక అధ్యాయంగా బోధిస్తాయి. అధ్యయన సౌలభ్యానికి ఈ విభజన పనికివచ్చినా, కన్వర్టర్ ప్రవర్తనను అర్థం చేసుకోవడానికి చాలదు. విలోమ స్థితిలో, అంటే యంత్రం నుంచి సరఫరాకు శక్తి తిరిగి వెళ్లే వేళ, పల్సు కోణానికి విధించే హద్దే మొదటి రక్షణ అవుతుంది. గేటు పల్సులను ఆపివేయడం రక్షణ కాకపోగా ప్రమాద హేతువు కావచ్చు. 415 వోల్టుల సరఫరాపై పనిచేసే ఏకముఖ విద్యుత్ మోటారు డ్రైవును ఉదాహరణగా తీసుకొని, లెక్కల సహాయంతో ఈ విషయాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: థైరిస్టర్, ఫైరింగ్ కోణం, కమ్యుటేషన్, అతివ్యాప్తి కోణం, విలోమ స్థితి, కరెంటు లూపు, ఫ్యూజు సమన్వయం.

1. ఉపోద్ఘాతం

"కన్వర్టర్‌లో అధిక కరెంటు ప్రవహిస్తే ఏమి చేయాలి?" అన్న ప్రశ్నకు ఇంజనీరింగ్ విద్యార్థుల జవాబు పత్రాల్లో తరచుగా కనిపించే సమాధానం ఒకటే: "గేటు పల్సులు ఆపివేయాలి". ట్రాన్సిస్టర్ల విషయంలో ఈ సమాధానం సరైనదే. థైరిస్టర్ విషయంలో సగమే సరైనది. గేటు థైరిస్టర్‌ను వెలిగించగలదు గాని ఆర్పలేదు. ఒకసారి వెలిగిన థైరిస్టర్ తనలోని కరెంటు దాదాపు సున్నాకు చేరేవరకు వాహకంగానే ఉంటుంది; ఆ తరువాత కూడా కొంత వ్యవధిపాటు దానికి వ్యతిరేక వోల్టేజి అందితేనే నిరోధక శక్తిని తిరిగి పొందుతుంది. ఆర్పే పనిని సరఫరా వోల్టేజే చేయాలి. ఈ ఒక్క పరిమితి నుంచే కన్వర్టర్ నియంత్రణ, రక్షణ రెండూ పుట్టుకొస్తాయి. దీన్ని మరచి రక్షణ వలయాలను రూపొందిస్తే ఫలితం కాగితం మీద తెలియదు. ఫ్యూజుల ఖర్చులో తెలుస్తుంది.

2. ఆరు థైరిస్టర్లు, ఒకే కోణం

బ్రిడ్జిలోని పై మూడు థైరిస్టర్లలో ఒకటి, కింది మూడింటిలో ఒకటి ఏ క్షణంలోనైనా జంటగా వహిస్తాయి. ప్రతి 60 డిగ్రీలకు ఒక కొత్త థైరిస్టర్‌కు పల్సు అందుతుంది. ఒక్కొక్కటి 120 డిగ్రీల పాటు వహిస్తుంది. రెండు ఫేజుల వోల్టేజిలు ఒకదానినొకటి దాటే బిందువును సహజ కమ్యుటేషన్ బిందువు అంటారు. ఫైరింగ్ కోణాన్ని, అంటే ఆల్ఫాను, ఇక్కడి నుంచి కొలవాలి. ఫేజు వోల్టేజి సున్నాను దాటే చోటు నుంచి కాదు. ఈ రెండింటి మధ్య ఉన్న 30 డిగ్రీల తేడాను విస్మరించి ప్రయోగశాలలో గంటలు పోగొట్టుకున్నవారు తక్కువేమీ కాదు.

అవిచ్ఛిన్న కరెంటు వద్ద సగటు వోల్టేజి 1.35 × లైను వోల్టేజి × కోసైన్ ఆల్ఫా. లైను వోల్టేజి 415 వోల్టులైతే గరిష్ఠంగా 560 వోల్టులు లభిస్తాయి. ఆల్ఫా 90 డిగ్రీలు దాటితే సగటు వోల్టేజి రుణాత్మకం అవుతుంది. కరెంటు దిశ మారదు కాబట్టి శక్తి ప్రవాహ దిశ మారుతుంది. ఇదే విలోమ స్థితి.

వాస్తవంలో సరఫరా వైపు ఎంతో కొంత ప్రేరకత్వం ఉంటుంది. కాబట్టి ఒక ఫేజు నుంచి మరొక ఫేజుకు కరెంటు తక్షణమే మారదు. మార్పిడి సాగుతున్నంతసేపు రెండు థైరిస్టర్లు కలిసి వహిస్తాయి. ఆ వ్యవధినే అతివ్యాప్తి కోణం అంటారు. ఈ వ్యాసమంతటా ఒకే ఉదాహరణను అనుసరిద్దాం: 415 వోల్టులు, 50 హెర్ట్‌జ్ సరఫరా, ఫేజుకు 0.15 మిల్లీహెన్రీల ప్రేరకత్వం. 200 ఆంపియర్ల మోటారు. ఆర్మేచర్ ప్రేరకత్వం 2 మిల్లీహెన్రీలు. సరఫరా ప్రతిరోధం ఫేజుకు 0.047 ఓములు అవుతుంది. 200 ఆంపియర్ల వద్ద కమ్యుటేషన్ వల్ల కలిగే వోల్టేజి నష్టం 9 వోల్టులు. మోటారుకు 440 వోల్టులు అందాలంటే ఆల్ఫా సుమారు 37 డిగ్రీల వద్ద నిలుస్తుంది. అతివ్యాప్తి కోణం 3 డిగ్రీలే. ఇంత చిన్న కోణానికి ప్రాధాన్యం ఏమిటన్న సందేహం సహజం. దీనికి సమాధానం 5వ విభాగంలో దొరుకుతుంది.

3. పల్సు నాణ్యత, పల్సు సమయం

పల్సు నాణ్యత గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. తొలి అంచు నిటారుగా, కనీస ట్రిగ్గర్ కరెంటుకు కొన్ని రెట్ల బలంతో ఉండాలి. బలహీనమైన పల్సు అందితే గేటు చుట్టూ ఉన్న చిన్న ప్రాంతమే ముందుగా వాహకమవుతుంది. కరెంటు వేగంగా పెరిగినప్పుడు ఆ ఇరుకైన చోటే వేడెక్కి అర్ధవాహకం దెబ్బతింటుంది. బ్రిడ్జి మొదలయ్యేటప్పుడు, కరెంటు విచ్ఛిన్నంగా ఉన్నప్పుడు ఇద్దరు జంట భాగస్వాములకూ పల్సు అవసరం. అందుకే ప్రతి థైరిస్టర్‌కు 60 డిగ్రీల తరువాత రెండవ పల్సును కూడా పంపుతారు. లేదా 60 డిగ్రీలకు మించిన వెడల్పు గల పల్సుల వరుసను ఇస్తారు.

పల్సు సమయం విషయం ఇంత సులభంగా తేలదు. తొలితరం నియంత్రకాలు ప్రతి ఫేజు వోల్టేజినీ విడివిడిగా గమనించి, దానికి తగిన పల్సును తయారుచేసేవి. కోసైన్ తరంగాన్ని నియంత్రణ వోల్టేజితో పోల్చే పద్ధతి వీటిలో చక్కనిది. ఆల్ఫా కోసైన్ నియంత్రణ వోల్టేజికి అనులోమానుపాతంలో ఉంటుంది గనుక కన్వర్టర్ సగటు వోల్టేజి రేఖీయంగా మారుతుంది. సరఫరా వోల్టేజి హెచ్చుతగ్గులు కూడా కొంతవరకు వాటంతటవే సర్దుకుంటాయి. అయితే కన్వర్టర్ తానే సరఫరా తరంగాన్ని పాడుచేస్తుంది. ప్రతి కమ్యుటేషన్ సమయంలో రెండు ఫేజులు క్షణకాలం హ్రస్వ వలయం కావడం వల్ల తరంగంలో గాట్లు పడతాయి. ఆ గాట్ల వల్ల సున్నా బిందువులు కదులుతాయి, పల్సులు కదులుతాయి, పల్సుల మధ్య దూరం అసమానమై కొత్త హార్మోనిక్‌లు పుడతాయి, అవి తరంగాన్ని మరింత వక్రీకరిస్తాయి. బలహీనమైన సరఫరాపై ఈ వలయం అస్థిరతకు దారితీస్తుంది.

1968లో జె. డి. ఐన్స్‌వర్త్ ప్రతిపాదించిన ఫేజు-లాక్డ్ ఆసిలేటర్ పద్ధతి ఈ సమస్యకు మూలం నుంచే పరిష్కారం చూపింది. పల్సులను ఫేజు వోల్టేజిలు నేరుగా నిర్ణయించవు. సమాన వ్యవధుల్లో పల్సులు ఇచ్చే ఒక ఆసిలేటర్ ఉంటుంది. నిశ్చల స్థితిలో అది సరఫరా పౌనఃపున్యానికి బందీగా ఉంటుంది. నేటి డిజిటల్ నియంత్రకాలలో సాఫ్ట్‌వేర్ రూపంలో ఉన్నది సారాంశంలో ఇదే ఆలోచన. డీజిల్ జనరేటర్‌పై కన్వర్టర్ నడపవలసి వచ్చినప్పుడు దీని విలువ ప్రత్యక్షంగా తెలుస్తుంది.

4. కరెంటు లూపు: తొలి కాపలాదారు

డ్రైవులో వేగ నియంత్రకం బయటి లూపు. దాని ఉత్పాదితం కరెంటుకు ఆదేశం. లోపలి లూపు ఆ ఆదేశాన్ని పాటిస్తూ ఆల్ఫాను మారుస్తుంది. ఆదేశానికి ఒక గరిష్ఠ పరిమితి విధిస్తే, ఉదాహరణకు 400 ఆంపియర్లు, సాధారణ పరిస్థితుల్లో కరెంటు ఆ గీత దాటదు. రూపొందించేవారు దీన్ని నియంత్రణ లక్షణంగా లెక్కిస్తారు. నడిపేవారికి ఇది రక్షణ. ఇద్దరూ సరే.

ఈ లూపు వేగానికి ప్రకృతి విధించిన హద్దు ఉంది. రెండు పల్సుల మధ్య వ్యవధి 3.33 మిల్లీసెకన్లు. ఒక పల్సు వెళ్లిన తరువాత తదుపరి పల్సు వరకు నియంత్రకం చేయగలిగినది ఏమీ లేదు. సగటు ఆలస్యం 1.67 మిల్లీసెకన్లు. ఎంత వేగవంతమైన ప్రాసెసర్ వాడినా ఈ సంఖ్య తగ్గదు.

కరెంటు విచ్ఛిన్నమైనప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. తక్కువ భారం వద్ద కరెంటు ప్రతి పల్సు తరువాత సున్నాకు పడిపోతుంది. అప్పుడు ఆల్ఫాలో అదే మార్పుకు కరెంటులో కలిగే మార్పు చాలా స్వల్పం. అవిచ్ఛిన్న స్థితికి తగినట్లు అమర్చిన ప్రపోర్షనల్-ఇంటిగ్రల్ నియంత్రకం ఇక్కడ మందకొడిగా మారుతుంది. విచ్ఛిన్న స్థితికి తగినట్లు అమర్చితే భారం పెరగగానే ఊగిసలాడుతుంది. కాబట్టి స్థితిని గుర్తించి నియంత్రక స్థిరాంకాలను మార్చే అనుకూలన పద్ధతిని వాడతారు.

కరెంటు లూపు సమర్థంగా పనిచేయడం వల్ల కలిగే ఒక అనర్థాన్ని కూడా ప్రస్తావించాలి. మూడు ఫేజుల్లో ఒకటి పోతే బ్రిడ్జి ఏక ఫేజు బ్రిడ్జిలా పనిచేస్తుంది. వోల్టేజి తగ్గుతుంది. కానీ లూపు ఆల్ఫాను ముందుకు జరిపి ఆ లోటును పూడ్చే ప్రయత్నం చేస్తుంది. తేలికపాటి భారం ఉంటే మోటారు ఏమీ జరగనట్లే తిరుగుతుంది. మిగిలిన నాలుగు థైరిస్టర్లు మాత్రం తమ వాటాకు మించిన కరెంటును మోస్తుంటాయి. అలలో 300 హెర్ట్‌జ్‌కు బదులు 100 హెర్ట్‌జ్ అంశం పెరగడాన్ని గమనించే ప్రత్యేక వలయం లేకపోతే ఈ లోపం బయటపడదు. నియంత్రణ లోపాన్ని దాచిపెట్టే సందర్భాలలో ఇది ఒకటి. వేగాన్ని కొలిచే టాకో జనరేటర్ తీగ తెగినప్పుడు దీనికి విరుద్ధమైన ప్రమాదం: వేగం సున్నా అనుకున్న నియంత్రకం మోటారును గరిష్ఠ వేగానికి తోస్తుంది. ఆర్మేచర్ వోల్టేజిని టాకో సంకేతంతో నిరంతరం పోల్చి చూడటమే దీనికి విరుగుడు. క్షేత్ర కరెంటు పోయిన మోటారు పరుగెత్తే ప్రమాదం అందరికీ తెలిసినదే కనుక దాన్ని విస్తరించడం లేదు.

5. విలోమ స్థితి: కోణానికి హద్దు ఎందుకు?

గని వైండర్ దిగుతున్నప్పుడు, క్రేన్ భారాన్ని దించుతున్నప్పుడు, రోలింగ్ మిల్లు వేగంగా దిశ మార్చుకుంటున్నప్పుడు మోటారు జనరేటర్‌గా మారుతుంది. మన ఉదాహరణలో మోటారు విద్యుచ్చాలక బలం 420 వోల్టులు, కరెంటు 200 ఆంపియర్లు అనుకుందాం. ఆర్మేచర్ నిరోధాన్ని ప్రస్తుతానికి విస్మరిస్తే, ఈ సమతౌల్యానికి ఆల్ఫా సుమారు 137 డిగ్రీలు కావాలి.

సిద్ధాంతరీత్యా ఆల్ఫా 180 డిగ్రీల వరకు వెళ్లవచ్చు. కానీ 180 డిగ్రీల లోపే కమ్యుటేషన్ పూర్తికావాలి. ఆరిన థైరిస్టర్ తన నిరోధక శక్తిని తిరిగి పొందాలి. కమ్యుటేషన్ ముగిసిన క్షణం నుంచి 180 డిగ్రీల వరకు మిగిలిన కోణాన్ని విలుప్త కోణం, లేదా గామా, అంటారు. లైను పౌనఃపున్య థైరిస్టర్లకు ఆరిపోయే సమయం 100 నుంచి 200 మైక్రోసెకన్ల స్థాయిలో ఉంటుంది. 50 హెర్ట్‌జ్ వద్ద ఒక డిగ్రీ 55.6 మైక్రోసెకన్లు. అంటే 200 మైక్రోసెకన్లకు 3.6 డిగ్రీలు చాలు. మరి చాలా డ్రైవులలో ఆల్ఫా హద్దును 150 డిగ్రీల చుట్టూ ఎందుకు ఉంచుతారు? 165 వరకు వెళ్లనిస్తే ఏమవుతుంది?

లెక్క వేసి చూద్దాం. ఆల్ఫా కోసైన్‌కూ, కమ్యుటేషన్ ముగిసే కోణం కోసైన్‌కూ మధ్య తేడా కరెంటుకు అనులోమానుపాతంలో ఉంటుంది. మన ఉదాహరణలో 200 ఆంపియర్లకు అది 0.032. ఆల్ఫా 165 డిగ్రీలైతే కోసైన్ −0.966. తేడాను కలిపితే −0.998, కమ్యుటేషన్ 176.4 డిగ్రీల వద్ద ముగుస్తుంది. గామా 3.6 డిగ్రీలు, అంటే సరిగ్గా 200 మైక్రోసెకన్లు. కరెంటు 400 ఆంపియర్లయితే మొత్తం −1.03 అవుతుంది. అటువంటి కోసైన్ గల కోణమే లేదు! గణితం ఇక్కడ చెబుతున్నది ఇది: కమ్యుటేషన్ పూర్తికాదు. ఆరవలసిన థైరిస్టర్ ఆరదు.

అదే 150 డిగ్రీల వద్ద 200 ఆంపియర్లకు గామా 26 డిగ్రీలు. 400 ఆంపియర్లకు 21.5 డిగ్రీలు, అంటే 1.2 మిల్లీసెకన్లు. ఈ తేడా కోసం మనం చెల్లించే మూల్యం కన్వర్టర్ ఎదురొడ్డగల వోల్టేజిలో కొంత భాగం. 560 వోల్టులకు బదులు 485 వోల్టులతో సరిపెట్టుకోవాలి. అందుకే పునరుత్పాదక డ్రైవుకు మోటారు వోల్టేజిని తక్కువగా ఎంచుకుంటారు.

ఇంతవరకు సరఫరా స్థిరంగా ఉందని అనుకున్నాం. ఇప్పుడు పొరుగున ఏదో పెద్ద మోటారు ప్రారంభమై, సరఫరా వోల్టేజి ఒక్కసారిగా 60 శాతానికి పడిపోయిందనుకుందాం. కోణం పరంగా చూస్తే పరిస్థితి అంత భయంకరంగా కనిపించదు: 150 డిగ్రీల వద్ద, 400 ఆంపియర్లకు కూడా గామా 13 డిగ్రీలకు పైగానే ఉంటుంది. అసలు చిక్కు వోల్టేజి సమతౌల్యంలో ఉంది. నియంత్రకం వెంటనే ఆల్ఫాను 150 డిగ్రీల హద్దుకు తోసినా కన్వర్టర్ ఎదురు వోల్టేజి 485లో 60 శాతం, అంటే 291 వోల్టులే. మోటారు మాత్రం జడత్వం వల్ల 420 వోల్టులను చూపుతూనే ఉంటుంది. కమ్యుటేషన్ నష్టం 9 వోల్టులు తీసివేసినా 120 వోల్టులు మిగులుతాయి. వలయంలోని ప్రేరకత్వం 2.3 మిల్లీహెన్రీలు, కరెంటు మిల్లీసెకనుకు సుమారు 50 ఆంపియర్ల చొప్పున పెరుగుతుంది. తగ్గిన వోల్టేజి వద్ద, 150 డిగ్రీల కోణంతో, కమ్యుటేషన్ సాధ్యమయ్యే గరిష్ఠ కరెంటు 500 ఆంపియర్లు. 200 నుంచి 500కు చేరడానికి సుమారు 6 మిల్లీసెకన్లు చాలు. ఈ వ్యవధిలో రెండు పల్సులకు మించి రావు.

ఈ ఆరు మిల్లీసెకన్లే మన సమస్య. కరెంటు లూపు తన శక్తి మేరకు పనిచేసింది. కోణం హద్దుకు చేరింది. ఆ పైన దానికి ఆయుధం లేదు. ఏ కాంటాక్టరూ ఇంత త్వరగా తెరుచుకోదు.

6. పల్సులు ఆపితే?

ఈ దశలో అధిక కరెంటు ట్రిప్ వచ్చి గేటు పల్సులన్నీ ఆగిపోయాయనుకుందాం. చివరగా వెలిగిన జంట అలాగే వహిస్తుంది. తరువాతి జంట రాదు కాబట్టి ఆ జంట లైను వోల్టేజి తన రుణ అర్ధ చక్రాన్ని ముగించుకొని ధన అర్ధ చక్రంలోకి ప్రవేశిస్తుంది. అంతవరకు మోటారును ఎదిరించిన వోల్టేజి ఇప్పుడు దానికి తోడవుతుంది. వోల్టేజి పడిపోకుండా పూర్తి స్థాయిలోనే ఉన్న సందర్భాన్ని తీసుకున్నా, శిఖరం వద్ద లైను వోల్టేజి 587, మోటారుది 420: మొత్తం వెయ్యి వోల్టులకు పైనే. కరెంటు పెరిగే వేగం మిల్లీసెకనుకు 430 ఆంపియర్ల పైచిలుకు.

రుణ శిఖరం దాటే వేళకే కరెంటు సున్నాకు చేరితే ఆ జంట ఆరిపోయి ప్రమాదం తప్పుతుంది. మన సంఖ్యలతో లెక్కిస్తే, పల్సులు ఆగిన తరువాత ఆ అర్ధ చక్రం తగ్గించగలిగేది సుమారు 170 ఆంపియర్లు. కరెంటు స్వల్పంగా ఉన్నప్పుడు ఇది సరిపోతుంది. ప్రయోగశాలలో చిన్న భారంతో పరీక్షించినవారికి పల్సులు ఆపడం చక్కగా పనిచేసినట్లు కనిపించడానికి కారణం ఇదే. కానీ అధిక కరెంటు ట్రిప్ వచ్చేది కరెంటు 400 ఆంపియర్లు దాటినప్పుడే కదా! సరిగ్గా అవసరమైన వేళకే ఆ ఉపాయం చేతికి రాదు.

కాబట్టి సరైన క్రమం ఇలా ఉంటుంది. ట్రిప్ సంకేతం రాగానే పల్సులను ఆపకుండా ఆల్ఫాను గరిష్ఠ హద్దుకు నెట్టాలి. కన్వర్టర్ తన శాయశక్తులా కరెంటును సున్నాకు లాగుతుంది. కరెంటు సున్నా అయిందని రూఢి అయిన తరువాతే పల్సులను నిరోధించాలి. ఆ తరువాత కాంటాక్టర్‌ను తెరవాలి. ఏకదిశాకరణ స్థితిలో కూడా, ప్రేరకత్వం అధికంగా ఉన్న భారానికి ఈ క్రమమే మేలు. అత్యవసర నిలుపుదల బటనును నేరుగా ఏకాంతర వైపు కాంటాక్టర్‌కు కలిపే అలవాటు పునరుత్పాదక డ్రైవులలో ఎందుకు కూడదో దీని నుంచి గ్రహించవచ్చు. కన్వర్టర్‌ను ఆర్పే శక్తి సరఫరాది. ఆర్పవలసిన వేళ దానినే తెంచుతున్నాం.

వ్యతిరేక దిశల్లో కలిపిన రెండు బ్రిడ్జిలుంటే కరెంటు సున్నాను గుర్తించే వలయం మరింత కీలకం. ఒక బ్రిడ్జి పూర్తిగా ఆరకముందే రెండవది వెలిగితే సరఫరా నేరుగా హ్రస్వ వలయం అవుతుంది. కరెంటు సెన్సారు చూపే సున్నాను మాత్రమే నమ్మకుండా, థైరిస్టర్ల మీద వోల్టేజి ఏర్పడిందా అని కూడా పరిశీలించి, కొన్ని మిల్లీసెకన్ల విరామం తరువాత రెండవ బ్రిడ్జికి అనుమతి ఇవ్వడం క్షేమం. ఆ విరామాన్ని తగ్గించి డ్రైవు చురుకుదనాన్ని పెంచాలన్న ఉత్సాహం పరిశోధనా పత్రాల్లో కనిపిస్తూ ఉంటుంది. సెన్సారు ఆఫ్‌సెట్‌ను కొలవకుండా చేసే అటువంటి ప్రయత్నాలను నేను సమర్థించలేను.

7. చివరి వరుస: ఫ్యూజు, స్నబ్బర్, ఉష్ణం

నియంత్రణ చేతులెత్తేసిన చోట ఫ్యూజు మొదలవుతుంది. థైరిస్టర్ సిలికాన్ పలుచని బిళ్ల. దాని ఉష్ణ ధారణశక్తి స్వల్పం. సాధారణ ఫ్యూజు దాన్ని కాపాడలేదు. అర్ధవాహకాల కోసం తయారైన అతివేగ ఫ్యూజు కరిగి, ఆర్క్ ఆరిపోయే వరకు పంపే మొత్తం ఐ-స్క్వేర్-టీ విలువ, థైరిస్టర్ తట్టుకోగల విలువ కన్నా తక్కువగా ఉండాలి. ఈ నియమం అన్ని పుస్తకాల్లోనూ ఉంది. ఫ్యూజు తెగేటప్పుడు పుట్టే ఆర్క్ వోల్టేజి ఇతర థైరిస్టర్ల వోల్టేజి హద్దును మించకూడదన్న రెండవ నియమం మాత్రం తరచుగా మరుగున పడుతుంది. 415 వోల్టుల సరఫరాకు శిఖర వోల్టేజి 587 మాత్రమే అయినా 1200 నుంచి 1600 వోల్టుల థైరిస్టర్లను ఎంచుకోవడం వెనుక ఇటువంటి లెక్కలున్నాయి.

ఫ్యూజును ఎక్కడ ఉంచాలన్నది విలోమ స్థితితో ముడిపడిన ప్రశ్న. ఏకదిశాకరణం మాత్రమే చేసే డ్రైవుకు ఏకాంతర వైపు మూడు ఫ్యూజులు చాలు. పునరుత్పాదక డ్రైవులో కమ్యుటేషన్ విఫలమై ఒకే ఫేజుకు చెందిన పై, కింది థైరిస్టర్లు రెండూ వెలిగి ఉంటే, మోటారు కరెంటు ఆ రెండింటి గుండానే తిరుగుతుంది. అది ఏకాంతర వైపు ఫ్యూజుల్లో అడుగే పెట్టదు. ఏకముఖ వైపు ఫ్యూజు, లేదా అతివేగ బ్రేకర్, తప్పనిసరి కావడానికి కారణం ఇది. పైగా ఆ ఫ్యూజు తెంచవలసింది ప్రేరకత్వం గల వలయంలోని ఏకముఖ కరెంటును. అందులో సహజమైన సున్నా లేదు.

స్నబ్బర్ గురించి ఒక్క మాట. ఆరే థైరిస్టర్‌లో మిగిలిన ఆవేశం వల్ల క్షణకాలం వ్యతిరేక కరెంటు ప్రవహించి హఠాత్తుగా తెగుతుంది. సరఫరా ప్రేరకత్వం దానికి స్పందించి వోల్టేజి శిఖరాన్ని లేపుతుంది. నిరోధకం, కెపాసిటర్ శ్రేణిలో కలిసిన స్నబ్బర్ ఆ శిఖరాన్ని మింగుతుంది. వోల్టేజి పెరిగే వేగాన్ని కూడా తగ్గించి, గేటు సంకేతం లేకుండానే థైరిస్టర్ వెలిగే ప్రమాదాన్ని నివారిస్తుంది. లైను నుంచి వచ్చే దీర్ఘతర ఉప్పెనలకు లోహ ఆక్సైడ్ వారిస్టర్లు వేరుగా కావాలి. వేడి విషయంలో హీట్ సింక్ మీది థర్మోస్టాట్ నెమ్మదైన వేడిని, ఫ్యాను ఆగిపోవడాన్ని మాత్రమే పసిగడుతుంది. జంక్షన్ ఉష్ణోగ్రత 125 డిగ్రీల సెల్సియస్ దాటడానికి అంత సమయం పట్టకపోవచ్చు. కరెంటు నుంచి ఉష్ణోగ్రతను అంచనా వేసే గణన నమూనా దానికి తోడుగా ఉండాలి.

8. మోటారు నుంచి గ్రిడ్‌కు

ఈ చర్చ మోటార్లకే పరిమితం కాదు. విశాఖపట్నం సమీపంలోని గాజువాక బ్యాక్-టు-బ్యాక్ కేంద్రంలో 500 మెగావాట్ల బ్లాకులు రెండు ఉన్నాయి. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో అనుసంధానమయ్యే వరకు, భిన్న పౌనఃపున్యాలతో నడిచిన తూర్పు, దక్షిణ ప్రాంతాల మధ్య విద్యుత్ మార్పిడికి ఇటువంటి థైరిస్టర్ కేంద్రాలే ఆధారం. అక్కడ కూడా శక్తిని అందుకునే వైపు కన్వర్టర్ విలోమ స్థితిలోనే పనిచేస్తుంది. అక్కడ కూడా సరఫరా వోల్టేజి పడిపోతే కమ్యుటేషన్ విఫలం కావచ్చు. సూత్రం ఒకటే, గామాకు కనీస విలువ నిలపడం. అయితే అధిక వోల్టేజి ఏకముఖ ప్రసారంలో ఆల్ఫాకు స్థిరమైన హద్దు పెట్టి ఊరుకోరు. ప్రతి కమ్యుటేషన్ వద్ద గామాను కొలిచి లేదా ముందుగా అంచనా వేసి, సాధారణంగా 15 నుంచి 20 డిగ్రీల మధ్య నిలుపుతారు. వోల్టేజి తగ్గితే కరెంటు ఆదేశాన్ని కూడా దానితోపాటు తగ్గించే నియమాన్ని నియంత్రకంలోనే పొందుపరుస్తారు.

అన్నిటికన్నా ఆసక్తికరమైన తేడా ఒకటుంది. మోటారు డ్రైవులో ఒకే ఫేజుకు చెందిన రెండు థైరిస్టర్లు కలిసి వెలగడం ఫ్యూజును బలిగొనే ప్రమాదం. ప్రసార వ్యవస్థలో అదే అమరికకు బైపాస్ జంట అని పేరు; కొన్ని లోపాల వేళ నియంత్రకం కావాలనే ఆ రెండింటినీ వెలిగించి, ఏకముఖ కరెంటును ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లకుండా పక్కదారి పట్టిస్తుంది. అక్కడ పెద్ద స్మూతింగ్ రియాక్టర్ కరెంటు పెరుగుదలను మందగింపజేస్తుంది. అవతలి వైపు ఉన్నది జడత్వంతో తిరిగే మోటారు కాదు, ఆదేశానికి లోబడి కరెంటును అదుపులో ఉంచే మరొక కన్వర్టర్. మోటారు విద్యుచ్చాలక బలాన్ని అలా తగ్గించమని ఆదేశించగల నియంత్రకం డ్రైవులో లేదు. క్షేత్ర కరెంటును తగ్గించవచ్చు గాని, క్షేత్రపు కాలస్థిరాంకం సెకను స్థాయిలో ఉంటుంది. మన చేతిలో ఉన్నవి ఆరు మిల్లీసెకన్లు.